అట్ట కాక్‌పిట్ డైరీ: ఏటీఆర్ 72 ప్రొసీజర్లు చేతికి వచ్చిన క్రమం

1వ రోజు

ఉద్యోగం ఖాయమైంది. ఒక ట్యాబ్ చేతికిచ్చారు, మాన్యువల్స్ అన్నీ అందులోనే ఉన్నాయి. విమానం ఏటీఆర్ 72-600. రెండు టర్బోప్రాప్ ఇంజిన్లు, ఒక్కోదానికి ఆరు రెక్కల ప్రొపెల్లర్, విమానంలో సుమారు డెబ్బై మంది ప్రయాణికులు, ఎత్తు పరిమితి 25,000 అడుగులు. దగ్గర దగ్గర ఊళ్ల మధ్య తిరిగే విమానం.

ఇంతవరకూ నేను నడిపినవన్నీ చిన్న విమానాలు. వాటిలో రేడియో నేనే, చెక్‌లిస్ట్ నేనే, తప్పు జరిగితే పట్టుకోవలసిందీ నేనే. ఇక్కడ పని ఇద్దరిది. నడిపేవారు పైలట్ ఫ్లయింగ్. గమనించేవారు పైలట్ మానిటరింగ్. ఏ స్విచ్ ఎవరు వెయ్యాలి, వేసేముందు ఏమనాలి, దానికి పక్కవారు ఏమని బదులివ్వాలి, అన్నీ రాసిపెట్టి ఉన్నాయి. అంతకుముందు ఒకరినొకరు చూసి ఎరగని ఇద్దరు పొద్దున్నే ఒకే కాక్‌పిట్‌లో కూర్చుని సాఫీగా విమానం నడపగలుగుతున్నారంటే ఆ రాత వల్లే.

నేర్చుకోవలసినవాటిలో మొదటిది ఫ్లో. అంటే కాగితం చూడకుండా, చెయ్యి ప్యానెల్ మీద ఒక వరసలో తిరుగుతూ చేసుకుపోయే పని. ఆ పని అయ్యాక ముఖ్యమైనవి నిజంగా జరిగాయా లేదా అని ఒకరు అడుగుతుంటే మరొకరు చూసి చెప్పేది చెక్‌లిస్ట్. కాగితం తీసే తీరిక కూడా ఉండని గండాల కోసం కంఠస్థం చేయాల్సినవి మెమరీ ఐటమ్స్. వీటన్నిటి మీదుగా కాలౌట్లు ఉంటాయి, పైకి అనాల్సిన మాటలు, అక్షరం మారకుండా.

సిమ్యులేటర్ మొదలవడానికి నాలుగు వారాలు ఉంది. అక్కడ గడిచే ప్రతి నిమిషం విలువైంది. స్విచ్ ఎక్కడుందో వెతుక్కోవడానికి ఆ నిమిషాలు ఖర్చు చెయ్యకూడదు. అందుకే గదిలోనే అట్టలతో ఒక కాక్‌పిట్ కట్టాలని నిర్ణయించుకున్నాను. ఈ డైరీ దాని కోసమే.

3వ రోజు

ప్యానెళ్ల బొమ్మలు అసలు సైజులో ప్రింట్ తీయించాను. ముందు ఐదు స్క్రీన్లున్న మెయిన్ ప్యానెల్, నెత్తి మీద ఓవర్‌హెడ్, మధ్యలో లీవర్లుండే పెడెస్టల్. మెయిన్ ప్యానెల్‌ని గోడకి అంటించాను. ఓవర్‌హెడ్‌ని రెండు తాళ్లతో పైనుంచి వాలుగా వేలాడదీశాను. పెడెస్టల్ కోసం మందపాటి పెట్టె అట్టని మూడు పొరలుగా అతికించి, లీవర్లు కదలడానికి పైన చీలికలు కోశాను.

ఇంజిన్ శక్తిని మార్చే పవర్ లీవర్లు రెండు, వాటి కుడిపక్కన ప్రొపెల్లర్‌నీ ఇంధనాన్నీ అదుపు చేసే కండిషన్ లీవర్లు రెండు, ఇంకా కుడికి ఫ్లాప్ లీవర్. ఫ్లాప్‌లంటే రెక్క వెనక అంచున కిందికి దిగే పలకలు. పవర్ లీవర్‌కి గ్రౌండ్ ఐడిల్, ఫ్లైట్ ఐడిల్, ఇంకా టేకాఫ్‌లో పెట్టే గాడి, దాన్ని నాచ్ అంటారు. కండిషన్ లీవర్‌కి నాలుగు స్థానాలు: ఫ్యూయల్ షటాఫ్, ఫెదర్, ఆటో, 100 శాతం ఓవర్‌రైడ్. ఫ్లాప్‌కి 0, 15, 30. ప్రతి స్థానం దగ్గరా చీలిక అంచున చిన్న గంటు కోసి, లీవర్ కింద రబ్బరు బ్యాండ్ బిగించాను. ఇప్పుడు లీవర్ జరిపితే గంటులో పడ్డప్పుడు చిన్న టిక్కుమన్న శబ్దం వస్తోంది. దానికే చాలా ఆనందం వేసింది.

5వ రోజు

పెడెస్టల్ విప్పి మళ్లీ కట్టాను. మొదట బల్ల ఎత్తులో పెట్టాను, నా కుర్చీ ఏమో పొట్టిది. అలా రెండు రోజులు సాధన చేసేసరికి, ఎడమ చెయ్యి భుజం ఎత్తుకి లేచి లీవర్ల మీద వాలడం అలవాటైపోయింది. అసలు విమానంలో పెడెస్టల్ మోచేతికి దిగువన ఉంటుంది. రెండు రోజులు చెయ్యిని తప్పు చోటికి పంపాను, అది మారుమాట లేకుండా నేర్చేసుకుంది.

గోడ మీద పెన్సిల్‌తో కొత్త గీత గీసి, పాతదాన్ని కొట్టేశాను. ఎంత ఎత్తు, ఎంత దూరం అన్నది అంచనాగా సరిపోతుందిలే అనుకుని ఎవరూ వదిలెయ్యొద్దు. ముందు కుర్చీ ఎత్తు తేల్చుకుని, మిగతావన్నీ దాన్నిబట్టి కొలవండి.

8వ రోజు

కాక్‌పిట్ ప్రిపరేషన్ ఫ్లో మొదటిసారి పూర్తిగా చేస్తే 19 నిమిషాలు పట్టింది. ఎనిమిదోసారికి 7 నిమిషాలకు దిగింది.

ఓవర్‌హెడ్ మీద అడ్డదిడ్డంగా వందల స్విచ్‌లు ఉన్నట్టు మొదట అనిపిస్తుంది. ఇంధనం, కరెంటు, హైడ్రాలిక్స్, గాలి, మంచు నుంచి రక్షణ అని విడదీసుకుంటే దారి కనిపిస్తుంది. పైగా మామూలు స్థితిలో చాలా లైట్లు ఆరిపోయే ఉండాలన్నది దీని డిజైన్ సూత్రం. ఏదైనా వెలిగి ఉందంటే అక్కడ ఆగి కారణం చూడాలి. అందుకని స్విచ్ పేర్లు బట్టీ పట్టడం మానేసి, ప్రతి స్విచ్ దగ్గరా ‘ఇది వేస్తే ఏ లైటు ఆరుతుంది’ అని నన్ను నేనే అడుక్కుంటూ వెళ్లాను. అప్పటి నుంచే ఫ్లో నిలబడటం మొదలైంది.

ఫోన్ స్టాండ్‌కి పెట్టి వీడియో తీసుకున్నాను. చూసుకున్నాక 7 నిమిషాల ఆనందం పోయింది. చెయ్యి స్విచ్ మీద పడుతోంది, కళ్లు అప్పటికే తర్వాతి స్విచ్ మీద ఉన్నాయి. వేసిన స్విచ్ నిజంగా పడిందో లేదో నేను ఎక్కడా చూడటం లేదు. అట్ట మీద బొమ్మ కాబట్టి తేడా తెలియలేదు. అసలు విమానంలో సగం దూరం వెళ్లి ఆగిన స్విచ్‌ని ఇలాగే వదిలేసి వెళ్లిపోతాను.

రేపటి నుంచి టైమ్ చూసుకోను. వేలు పెట్టాలి, చూడాలి, పేరు అనాలి, తర్వాతే కదలాలి.

10వ రోజు

ఈ రోజు హోటల్ మోడ్. ఏటీఆర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇదే.

పెద్ద విమానాల తోకలో ఏపీయూ అని ఒక చిన్న ఇంజిన్ ఉంటుంది. నేల మీద నిలబడి ఉన్నప్పుడు కరెంటూ చల్లగాలీ దాన్నుంచి వస్తాయి. ఏటీఆర్‌లో ఏపీయూ లేదు. దానికి బదులు కుడి ఇంజిన్‌నే నడుపుతారు, కానీ ప్రొపెల్లర్ తిరగకుండా బ్రేక్ వేసి పట్టి ఉంచుతారు. ఇది కుదరడానికి కారణం, ఇంజిన్‌లో గాలిని ఒత్తి మండించే భాగానికీ ప్రొపెల్లర్‌ని తిప్పే టర్బైన్‌కీ మధ్య ఇరుసు ఒకటి కాకపోవడం. వేడి వాయువు మాత్రమే వాటిని కలుపుతుంది. అందుకే లోపల ఇంజిన్ పూర్తిగా తిరుగుతున్నా బయట ప్రొపెల్లర్ కదలకుండా నిలబడగలదు. ప్రయాణికులు ఎడమవైపు నుంచి ఎక్కుతారు కాబట్టి ఈ పని కుడి ఇంజిన్‌కి అప్పజెప్పారు.

ఇది అర్థమయ్యాక ఆ ప్రొసీజర్‌లో ఒక్క లైను కూడా కంఠస్థం చెయ్యాల్సిన అవసరం రాలేదు. బ్రేక్ వదిలేముందు ప్రొపెల్లర్ దగ్గర ఎవరూ లేరని ఎందుకు నిర్ధారించుకోవాలో మాన్యువల్ వేరే చెప్పనక్కర్లేదు.

13వ రోజు

ఈ రోజు జరిగింది కాస్త వివరంగా రాయాలి.

కళ్లు ముందు గోడ మీదే ఉంచి, పైకి ‘ఫ్లాప్స్ ఫిఫ్టీన్’ అంటూ ఎడమ చెయ్యి చాచి లీవర్ జరిపాను. టిక్కుమంది. తల తిప్పి చూస్తే నేను జరిపింది కండిషన్ లీవర్. అట్ట పెడెస్టల్‌లో ఐదు లీవర్లూ ఒకే కొలత, ఒకే చతురస్రపు పిడి. నేనే అలా కోశాను. చేతికి తేడా తెలిసే దారి లేదు.

విమానాల్లో పిడులు అలా ఉండవు. రెండో ప్రపంచ యుద్ధం నాడు అమెరికా వైమానిక దళంలో పైలట్లు ల్యాండ్ అయ్యాక ఫ్లాప్‌లు ఎత్తబోయి గేర్, అంటే చక్రాలు, ఎత్తేసేవారు, విమానం పొట్ట మీద కూలబడేది. ఆల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు బీ-17 లాంటి విమానాల కాక్‌పిట్‌లు చూసి, రెండు కంట్రోల్సూ పక్కపక్కనే ఒకేలా ఉండటం గమనించారు. గేర్‌కి చక్రం ఆకారం, ఫ్లాప్‌కి రెక్కలాంటి ఆకారం తగిలిస్తే చెయ్యే తేడా చెబుతుందన్నది ఆయన చూపిన మార్గం. ఇవాళ పెద్ద విమానాల డిజైన్ నిబంధనల్లో గేర్ పిడి చక్రంలా, ఫ్లాప్ పిడి రెక్కలా ఉండాలని రాసి ఉంది. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ఇలాంటి 460 పైలట్ తప్పులను పరిశీలించి, ఒక కంట్రోల్‌కి బదులు ఇంకోటి పట్టుకోవడం అన్నది ఎంత మామూలుగా జరుగుతుందో చూపించారు.

అయితే పిడి ఆకారం ఒక్కటే కాపాడదు. 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో ఏటీఆర్ 72-500 ల్యాండింగ్‌కి వస్తోంది. నడుపుతున్న పైలట్ ఫ్లాప్ 30 అడిగారు. పక్కనున్న పైలట్ ఫ్లాప్ 30 అని బదులిచ్చారు. కానీ రికార్డర్‌లో ఫ్లాప్ కదల్లేదు. కదిలినవి రెండు కండిషన్ లీవర్లు, ఫెదర్‌లోకి. ఫెదర్ అంటే ప్రొపెల్లర్ రెక్కలు గాలికి అంచు చూపిస్తూ తిరిగిపోవడం. ఇంజిన్ తిరుగుతున్నా తోపు ఉండదు. విమానంలో ఉన్న 72 మందీ చనిపోయారు.

అలా బదులిచ్చిన పైలట్ కొత్తవారు కారు, ఎంతో అనుభవం ఉన్నవారు. నా అట్ట పెడెస్టల్ మీద ఆ రెండు లీవర్ల మధ్య దూరం నా వేళ్ల వెడల్పంత. ఆ ప్రమాదం రిపోర్ట్ చదివాక చాలాసేపు దాని ముందే కూర్చుండిపోయాను.

సాయంత్రం థర్మోకోల్ చెక్కి ఫ్లాప్ లీవర్‌కి రెక్క ఆకారం పిడి చేశాను. గేర్‌కి సీసా మూత బిగించాను. సాధన పద్ధతి కూడా మార్చాను. లీవర్ మీద చెయ్యి పడ్డాక ఒక క్షణం ఆగాలి. కళ్లు చేతి మీదికి రావాలి. స్పీడ్ చూసి ‘స్పీడ్ చెక్డ్’ అనాలి. ఫ్లాప్ 15కి గరిష్ఠం 185 నాట్లు (విమాన వేగాన్ని నాట్లలో కొలుస్తారు), 30కి 150. అప్పుడు జరపాలి. జరిపాక ఫ్లాప్ సూచిక నిజంగా కదిలేదాకా దాన్ని చూస్తూ ఉండాలి. నోటితో బదులివ్వడం, చేత్తో పని చేయడం వేర్వేరుగా జరిగిపోగలవని పోఖరా చెప్పింది. సూచిక కదిలిందని కళ్లు చూడకుండా పని అయినట్టు లెక్కపెట్టను.

17వ రోజు

సిమ్యులేటర్‌లో నాకు జతగా ఉండబోయే ఆయన ఈ రోజు గదికి వచ్చారు. నాకంటే ఆరేళ్లు పెద్ద, ఇంతకుముందు సరుకు రవాణా విమానాల్లో పనిచేశారు. అన్నా అని పిలుస్తున్నాను. అట్ట పెడెస్టల్ చుట్టూ ఒకసారి తిరిగి, రెక్క పిడి పట్టుకుని చూసి, “దీనికి ఒక లోటుంది, నువ్వు ఒక్కడివే ఆడుతున్నావు” అన్నారు.

నిజమే. ఇన్నాళ్లూ రెండు పాత్రలూ నేనే మాట్లాడుతున్నాను. కాలౌట్ నేనే అని, బదులు నేనే ఇచ్చుకుంటుంటే ప్రతిసారీ సరిగ్గానే ఉంటుంది. అన్న కావాలని తప్పు బదులివ్వడం, ఒక్కోసారి ఏమీ అనకుండా ఊరుకోవడం మొదలుపెట్టేసరికి నా వరస చెల్లాచెదురైంది.

టేకాఫ్ ఒక్కటే ముప్పై సార్లు చేశాం. పవర్ సెట్, సెవెంటీ నాట్స్, వీ-వన్, రొటేట్, పాజిటివ్ రేట్, గేర్ అప్. వీ-వన్ అంటే, అది దాటాక ఇక టేకాఫ్ ఆపకూడని వేగం. అందులో సెవెంటీ నాట్స్ అన్న పిలుపుకి బదులు రాకపోతే ఊరుకోకూడదు. నడిపేవారు స్పృహలోనే ఉన్నారా అన్నది కూడా ఆ బదులుతోనే తెలుస్తుంది. అన్న ఒకసారి ఊరుకుంటే నేను వీ-వన్ దాకా వెళ్లిపోయాను.

“ఎందుకు ఆగలేదు?”

“మీరు అనుకున్నారులే అనుకున్నా అన్నా.”

“నేనేమనుకున్నానో నీకెలా తెలుస్తుంది? నువ్వు వినాల్సింది నా నోటిమాట.”

పైలట్ మానిటరింగ్ పని తేలికనుకుని వచ్చాను. నడిపేవారికి ఒకటే దృష్టి ఉంటుంది. గమనించేవారు ఆయన చేతులు, స్క్రీన్లు, రేడియో, బయట దారి, అన్నీ చూస్తూ, వాటిలో ఏది అనుకున్నట్టు లేదో పసిగట్టాలి. నాకు ఇదే కష్టంగా ఉంది.

24వ రోజు

కదలిక లేని ట్రైనర్ మీద నాలుగు క్లాసులు అయ్యాయి. స్విచ్‌లు నిజమైనవి, లైట్లు వెలుగుతాయి, కానీ గది కదలదు. నా చెయ్యి నేరుగా అన్ని చోట్లకీ వెళ్లింది, అట్టల మీద పెట్టిన శ్రమ దక్కింది.

ఈ రోజు తప్పు చెక్‌లిస్ట్ దగ్గర జరిగింది. గస్ట్ లాక్ అని ఒకటి ఉంటుంది. విమానం నిలిపి ఉన్నప్పుడు గాలికి కంట్రోల్స్ కొట్టుకోకుండా పట్టి ఉంచే లాక్. టేకాఫ్‌కి ముందు విడిచి, కంట్రోల్స్ అన్ని వైపులా తిప్పి చూడాలి. చెక్‌లిస్ట్ మధ్యలో ఇన్‌స్ట్రక్టర్ రేడియోలో ఏదో అడిగారు. బదులిచ్చి, మళ్లీ చెక్‌లిస్ట్‌కి వచ్చి, అన్న ‘గస్ట్ లాక్’ అనగానే నేను ‘రిలీజ్డ్’ అన్నాను. లాక్ విడిచి లేదు. రేడియోకి ముందు విడవబోయాను, విడిచేశాననే గుర్తు మాత్రం మిగిలింది. ఆ గుర్తు చూసి బదులిచ్చాను, లాక్ చూసి కాదు.

ఇన్‌స్ట్రక్టర్ మేడమ్ కోప్పడలేదు. 1935 అక్టోబర్ 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో జరిగింది చెప్పారు. బోయింగ్ మోడల్ 299 అనే కొత్త బాంబర్‌ని చేయి తిరిగిన పైలట్లు గాల్లోకి లేపారు. కంట్రోల్స్‌కి ఉన్న గస్ట్ లాక్ విడవలేదు. లేచి, నిలువునా ఎక్కి, పడిపోయింది. ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాతే పైలట్లు చేయవలసిన పనులను కాగితం మీద రాసుకుని సరిచూసుకోవడం బాగా వాడుకలోకి వచ్చింది. ఆ మోడల్ 299 తర్వాత బీ-17 అయింది. చపానిస్ చూసిన కాక్‌పిట్ కూడా అదే కదా అని నాకు ఒళ్లు జలదరించింది.

ఆవిడ చెప్పిన నియమం ఒకటి పుస్తకంలో రాసుకున్నాను: చెక్‌లిస్ట్ మధ్యలో ఆగితే, ఆగిన లైను దగ్గర్నుంచి కాదు, ఆ చెక్‌లిస్ట్ మొదటి లైను నుంచి మళ్లీ చదవాలి. ఇంకొకటి, బదులిచ్చే ముందు వేలు ఆ వస్తువు మీదికి వెళ్లాలి.

31వ రోజు

అసలు సిమ్యులేటర్. నాలుగు గంటల సెషన్, రెండు గంటలు నడపడం, రెండు గంటలు గమనించడం. ఆరు కాళ్ల మీద గది మొత్తం ఊగుతుంది, రన్‌వే మీద ప్రతి గతుకూ నడుముకి తెలుస్తుంది.

టేకాఫ్‌లో ఇంజిన్ ఆపేశారు. వీ-వన్ దాటాక ఆగిందంటే గాల్లోకి లేవాల్సిందే. ముక్కు ఆగిన ఇంజిన్ వైపు లాగేస్తుంది, ఎదురు పెడల్ తొక్కి నిటారుగా పట్టాలి. ఏటీఆర్‌లో ఏటీపీసీఎస్ అనే వ్యవస్థ ఉంది. ఇంజిన్ శక్తి పడిపోయిందని గుర్తించగానే రెండో ఇంజిన్‌కి శక్తి పెంచుతుంది, ఆగినదాని ప్రొపెల్లర్‌ని తనంత తానే ఫెదర్ చేస్తుంది. అంటే మొదటి క్షణాల్లో పైలట్ చేతులు లీవర్ల మీదికి పరుగెత్తాల్సిన పని లేదు. దారి పట్టుకోవాలి, గేర్ ఎత్తాలి, స్పీడ్ నిలబెట్టాలి. ఇంజిన్ సంగతి తగినంత ఎత్తుకి చేరాకే.

మొదటిసారి దారి తప్పాను. మూడోసారికి నిలబెట్టాను. అరికాలు ఇంకా వణుకుతోంది.

36వ రోజు

చాలా చెడ్డ రోజు. నిద్ర పట్టేముందే రాసెయ్యాలి.

అన్న నడుపుతున్నారు, నేను గమనిస్తున్నాను. రెండో ఇంజిన్, అంటే కుడిది, ఆగింది. అన్న చక్కగా పట్టుకున్నారు. ఎత్తుకి వెళ్లాక వరసగా అడగడం మొదలుపెట్టారు. కండిషన్ లీవర్ పని నాది. పద్ధతి ఏమిటంటే, నేను లీవర్ మీద చెయ్యి వేసి దాని నంబరు చెప్పాలి, అన్న చూసి ‘కన్ఫర్మ్’ అనాలి, ఆ తర్వాతే జరపాలి.

‘కండిషన్ లీవర్ నంబర్ టూ’ అన్నాను. స్పష్టంగానే అన్నాను.

“ఆగు!” అన్నారు అన్న.

చెయ్యి చూసుకున్నాను. నా వేళ్లు ఒకటో నంబరు లీవర్ మీద ఉన్నాయి. మమ్మల్ని గాల్లో నిలబెడుతున్న ఇంజిన్ అది.

2015 ఫిబ్రవరి 4న తైపీలో ఒక ఏటీఆర్ 72-600 టేకాఫ్ తర్వాత సరిగ్గా ఇక్కడే ఓడిపోయింది. సిగ్నల్ లోపం వల్ల రెండో ఇంజిన్ ప్రొపెల్లర్ ఫెదర్ అయితే, కెప్టెన్ ఒకటో ఇంజిన్ శక్తి తగ్గించి, ఆఖరికి దాన్నే ఆపేశారు. 58 మందిలో 43 మంది చనిపోయారు. క్లాసులో ఆ రిపోర్ట్ చదివినప్పుడు నేను ఇలా చెయ్యను అనుకున్నాను.

బ్రీఫింగ్ గదిలో మేడమ్ నెమ్మదిగా అడిగారు. “నీ నోరు రెండు అంది. చెయ్యి ఒకటి దగ్గరికి వెళ్లింది. దానికి ఆ దారి ఎక్కడ అలవాటైంది?”

గదికి వచ్చి వీడియోలన్నీ చూశాను. జవాబు దొరికింది. అట్ట కాక్‌పిట్‌లో ఇంజిన్ ఫెయిల్యూర్ సాధన చేసిన ప్రతిసారీ నేను ఆపింది ఒకటో ఇంజిన్‌నే. మొదటి రోజు ఉదాహరణకి ఒకటి అనుకున్నాను, మళ్లీ మార్చలేదు. నాలుగు వారాల పాటు, బహుశా వంద సార్లకు పైగా, ఎడమ పక్క కండిషన్ లీవర్ దగ్గరికి చెయ్యి పంపాను. పెడెస్టల్ ఎత్తు తప్పుగా పెట్టినప్పుడు జరిగిందే మళ్లీ జరిగింది.

కానీ అన్న ‘ఆగు’ అన్నారు. ‘కన్ఫర్మ్’ అనే మాట కోసం చెయ్యి ఆగి ఉంది కాబట్టే ఆ ‘ఆగు’కి చోటు దొరికింది. ఇది రాసుకుంటుంటే కాస్త ఊపిరి ఆడుతోంది.

37వ రోజు

చీటీలు చేశాను. పది చీటీల మీద 1, పది మీద 2, నాలుగు మీద ‘ఏమీ లేదు’. ఒక డబ్బాలో వేశాను. ప్రతి టేకాఫ్‌కి ముందు అన్న ఒకటి తీసి, నాకు చూపించకుండా పెట్టుకుంటారు. ‘ఏమీ లేదు’ చీటీలు ఎందుకంటే, ప్రతి టేకాఫ్‌లోనూ ఇంజిన్ ఆగుతుందని ఎదురుచూసే చెయ్యి కూడా ప్రమాదమే.

ఒక్క సాయంత్రంలో నలభై. లీవర్ మీద చెయ్యి, దాని మీద కళ్లు, అక్కడి నుంచి ఇంజిన్ గేజ్ మీదికి, మళ్లీ లీవర్ మీదికి, అప్పుడు నంబరు. నెమ్మదిగా సాగుతోంది. నెమ్మదిగానే సాగనీ.

45వ రోజు

చెక్ పాసయ్యాను. అన్న కూడా పాసయ్యారు. ఎగ్జామినర్ ఎడమ ఇంజిన్ ఒకసారి, కుడి ఇంజిన్ ఒకసారి ఆపారు.

58వ రోజు

లైన్ ట్రైనింగ్. వెనక నిజమైన ప్రయాణికులు, పక్కన శిక్షణ కెప్టెన్. మొదటి కొన్ని ఫ్లైట్లలో వెనక సీట్లో ఇంకో పైలట్ కూడా కూర్చున్నారు, నిన్నటి నుంచి లేరు.

సిమ్యులేటర్‌లో లేనివన్నీ ఇక్కడ ఉన్నాయి. ఇంధనం కాగితం పట్టుకుని ఒకరు, లోడ్ షీట్‌తో ఒకరు, డోర్ గురించి అడగడానికి క్యాబిన్ నుంచి ఒకరు, ముగ్గురూ నా ఫ్లో మధ్యలోనే వస్తారు. ‘ఒక్క నిమిషం సార్’ అనడం నేర్చుకున్నాను. ఎక్కడ ఆగానో ఆ స్విచ్ మీద వేలు ఉంచే మాట్లాడతాను. అట్ట కాక్‌పిట్‌లో దీన్ని సాధన చేసి ఉండాల్సింది. కొత్తగా మొదలుపెట్టేవారు ఎవరినైనా కూర్చోబెట్టి మధ్యమధ్యలో ప్రశ్నలు వేయించుకోండి.

10,000 అడుగుల కింద పనికి సంబంధం లేని మాట ఒక్కటి కూడా ఉండదు. పైకి వెళ్లాక కెప్టెన్ ఇంటి సంగతులు అడిగారు. మంచివారు.

63వ రోజు

ల్యాండింగ్‌కి దిగుతున్నాం. మబ్బుల కింద కుదుపులు. కెప్టెన్ నడుపుతున్నారు, నేను గమనిస్తున్నాను. గేర్ దిగింది. రేడియోలో మాకు ముందున్న విమానం గురించి ఏదో చెబుతున్నారు. అదే సమయంలో కెప్టెన్ ‘ఫ్లాప్స్ థర్టీ’ అన్నారు.

చెయ్యి వెళ్లింది. వేళ్ల కింద రెక్క ఆకారం తగిలింది. కళ్లు చేతి మీదికి వచ్చాయి, అక్కడి నుంచి స్పీడ్ మీదికి. 156. కుదుపుల్లో స్పీడ్ పైకీ కిందికీ ఆడుతోంది.

“స్పీడ్ సార్,” అన్నాను. చెయ్యి లీవర్ మీదే ఉంది, జరపలేదు.

ఆయన చూశారు. “కరెక్ట్. ఆగుదాం.” పవర్ కొంచెం తగ్గించారు. ఆరేడు సెకన్లు పట్టి ఉంటుంది. 148 కనిపించగానే మళ్లీ అడిగారు. “స్పీడ్ చెక్డ్, ఫ్లాప్స్ థర్టీ.” జరిపాను. సూచిక 15 వదిలి కదలడం మొదలుపెట్టింది, 30 దగ్గర ఆగింది. అప్పటిదాకా చూశాను.

ల్యాండ్ అయ్యాక ఆయన దాని గురించి ఏమీ అనలేదు. తర్వాతి ఫ్లైట్ నన్ను నడపమన్నారు.

66వ రోజు

కొత్త బ్యాచ్‌లో వచ్చిన అమ్మాయి అట్ట కాక్‌పిట్ తీసుకెళ్లడానికి వచ్చింది. ప్యానెళ్లు చుట్టి, పెడెస్టల్‌ని పాత దుప్పటిలో కట్టాం. రబ్బరు బ్యాండ్లు సాగిపోయాయి, కొత్తవి వేసుకోమన్నాను. గోడ మీద కొట్టేసిన పెన్సిల్ గీత చూపించి ముందు కుర్చీ ఎత్తు కొలుచుకోమన్నాను.

“ఈ డబ్బా ఏంటి?” అంది.

చీటీలు, అన్నాను. ఒకటి తీసి చూడమన్నాను. 2 వచ్చింది.